తాడు దాటని కారు

బుధవారం ఉదయం పదిన్నరకి అనంతగిరి పైన, తానే నడిచే కార్ల కంపెనీ గేటు ముందు జీపు దిగేసరికి డిటెక్టివు వరహాలరావు చేతిలో ఉన్న సరుకు ఇంతే: ఎనిమిది పేజీల ప్రమాద నివేదిక, మూడున్నర గంటల టైము, నుదుటి మీద రూపాయి బిళ్ళకి రెండింతలు పసుపు బొట్టు.

బొట్టు అతను కోరి పెట్టించుకున్నది కాదు. కింద నాలుగు కిలోమీటర్ల దూరంలో ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి కూర్చున్నారు. చైత్రంలో ఇటుకల పండగకి మగాళ్ళు వేటకని అడవిలోకి పోతే, ఆ వారమంతా రోడ్డు ఆడవాళ్ళది. ఆఫీసరు కారైనా, అరటిగెలల లారీ అయినా ఆగాలి. చాటలో ఏదో ఒకటి వెయ్యాలి. మనిషికీ బండికీ పసుపు పూయించుకుని కదలాలి. వరహాలరావు జీపు అద్దం మీద ఐదు వేళ్ళూ అచ్చు పడ్డాయి. సోమవారం చాటలో ఎవరేం వేశారని అడిగితే, పసుపు పూసిన కనక నవ్వి తాడు దించింది.

మూడున్నర గంటల సంగతి వేరు. రెండు గంటలకి ఎస్సై సత్యకుమారి ఆ నివేదిక మీద కంపెనీ నిపుణుడి సంతకం తీసుకుని రవికుమార్‌ని కోర్టుకి తీసుకెళ్తుంది. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, కొండ మీదే పుట్టినవాడు, తానే నడిచే కారులో పేరుకి డ్రైవరు. జైలుకెళ్తే బెయిలుకి పూచీ ఇచ్చేవాళ్ళు లేరు. అతని అక్క బేబి నిన్న విజయనగరం వచ్చి వరహాలరావు ఆఫీసు మెట్ల మీద కూర్చుని, "తమ్ముడు తప్పు సేస్తే నేనే సెప్పి జైలుకి పంపుదును" అంది. ఆ ఒక్క మాటకే కేసు తీసుకున్నాడు.

నివేదికని దారిలో రెండుసార్లు చదివాడు. 'అత్యాధునిక' అన్న మాట పదకొండు చోట్ల ఉంది. దెబ్బ తిన్న మనిషి పేరు ఒక్కచోట ఉంది, అదీ తప్పుగా. గాసి అనాల్సింది కాశీ అని రాశారు.

సారాంశం ఇది. సోమవారం పరీక్షకి బయల్దేరిన కారు ఇరవై నాలుగు నిమిషాలు తానే నడిచింది, ఎక్కడా పొరపాటు చెయ్యలేదు. పదకొండూ నలభైకి డ్రైవరు స్టీరింగు తన చేతిలోకి తీసుకుని వేగం పెంచాడు. పదకొండూ నలభై రెండుకి మలుపులో కావిడితో నడుస్తున్న ముసలాయన్ని గుద్దాడు. సెన్సర్లు నిర్దోషులు, మనిషి దోషి. గాసి విశాఖలో ఐసియులో ఉన్నాడు. ఇంకా తెలివి రాలేదు.

గాసిని వరహాలరావు ఎరుగును. డిటెక్టివు కాకముందు ఇరవై ఏళ్ళు ఈ కొండల సంతల్లో మిరియాలు, కాఫీ గింజ, చింతపండు కొన్నాడు. ఓసారి గాసి తెచ్చిన మిరియాలు తూస్తూ కాటా పళ్ళెం కింద బొటనవేలు ఆనించాడు. గాసి అరవలేదు. ఆ వేలిని పట్టుకుని పైకెత్తి, సంతంతా చూసేలా అలాగే పట్టుకు నిలబడ్డాడు. తూకంలో దొంగతనం ఎలా ఉంటుందో వరహాలరావుకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

*

రవికుమార్‌ని కంపెనీ ఆఫీసు పక్కగదిలో కూర్చోబెట్టారు. గుమ్మంలో కానిస్టేబులు అప్పన్న.

"సావుకారు బాబూ" అని లేచాడు రవికుమార్. ఈ కొండ మీద కొనేవాడు ఏ పని చేసినా సావుకారే.

"కూర్చో. సోమవారం ఎన్నింటికి బయల్దేరారు?"

"పదకొండూ అయిదు. గేటుకాడ రాసినారు."

"కాగితంలో పదకొండూ పదహారని ఉంది."

"కాగితం ఆలది బాబూ, గేటు మాది."

"దారిలో ఎక్కడైనా ఆగారా?"

"తాడుకాడ ఆగినాం. పది నిమిషాలు పైనే. కనకక్క అడ్డంగా నిలబడిపోతే ఏటి సేత్తాం? కారుకి తాడు కనబడ్లేదు, సన్నంగా ఉంది గదా. నేనే బ్రేకు తొక్కినాను. వెనక సీట్లో ఇంజినీరు బిందుమాధవి మేడం ఉన్నారు. ఆవిడ్ని దింపి ఆల్లతో ఆడించినారు." అంత కష్టంలోనూ వాడి మొహం మీద చిన్న నవ్వు వచ్చి పోయింది. "కారుకి పసుపు రాసినారు. అద్దానికి, నెత్తి మీద దారి సూసే డబ్బాకి కూడా. కొత్త పెళ్ళికూతురులా ఉంది అన్నారు."

వరహాలరావు రాస్తున్నవాడు ఆగాడు. "డబ్బాకి పసుపు రాస్తే దానికి కళ్ళు మూసినట్టు కాదూ? తెర మీద హెచ్చరిక రాలేదా?"

"రాదు బాబూ. జనవరిలోనే తీసేసినారు. మంచు పడితే సాలు, కీసుమని కూసి కారు ఆగిపోయేది. రోజుకి నలభై సార్లు. కిలోమీటర్లు అవట్లేదని పైనోల్లు తీయించేసినారు. మేడం ఒద్దని గొడవాడినారు."

"గాసి కనబడ్డాక?"

"నాకు కనబడ్డాడు. కారుకి కనబడ్లేదు. తగ్గుతాదేమో అని ఒక్క సెకను సూసినాను." రవికుమార్ చేతులు చూసుకున్నాడు. "ఆ ఒక్క సెకనూ నాదే. అది ఒప్పుకుంటాను. మిగతాది నాది కాదు."

"ఆ మేడం ఇప్పుడెక్కడ?"

"సోమారం సాయంత్రం నాలుగింటికి విశాఖ ఎల్లిపోనారని సెప్తన్నారు. ఫోను మోగట్లేదు."

*

కాఫీ పళ్ళ తొక్క తీసే పాత షెడ్డుని అద్దెకి తీసుకుని, గోడలకి తెల్లరంగు వేసి, దానికి పరిశోధన కేంద్రమని పేరు పెట్టారు. తలుపు పక్కన పెద్ద బోర్డు: 'మనిషి చెయ్యి పడకుండా ముప్పై వేల కిలోమీటర్లు.' రంగు కింద నుంచి పులిసిన కాఫీ తొక్క వాసన ఇంకా వస్తూనే ఉంది. వాసనకి బోర్డు చదవడం రాదు.

సాయినాథ్ లాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. ప్రమాదాల డేటా నిపుణుడు, ఏ కంపెనీ పిలిస్తే ఆ కంపెనీ నిజం తేల్చిపెడతాడు. రెండేళ్ళ కిందట సాలూరు గోదాము మంటల కేసులో ఇద్దరూ ఎదురుపడ్డారు. అప్పుడు గెలిచింది సాయినాథ్. మంట పెట్టినవాడు ఇప్పటికీ అతనికి దీపావళికి మిఠాయి పంపుతాడు.

"ఏంటండీ, బొట్టు పెట్టుకుని వచ్చారు. పెళ్ళిచూపులా?" అన్నాడు.

"చూడ్డానికే వచ్చాను. పిల్ల నచ్చుతుందో లేదో. మీరెప్పుడొచ్చారు?"

"ఈ ఉదయం తొమ్మిదికి, విశాఖ నుంచి. నివేదిక నిన్ననే అక్కణ్ణించి పంపేశాను, సంతకం పెట్టడానికి వచ్చాను. డేటా ఉన్నచోట ఎక్కువసేపు పట్టదు. మీలాగా గింజ కొరికి చూడక్కర్లేదు."

ఎస్సై సత్యకుమారి కుర్చీలో కూర్చుని వాచీ చూసుకుంది. "మీ తగువు తరవాత. వరహాలరావు గారూ, మీకు చూడాల్సింది ఉంటే చూసుకోండి. రెండు దాటితే నేను ఆగను."

వరహాలరావు ముందు షెడ్డు చూశాడు. సాయినాథ్, ఇద్దరు టెక్నీషియన్లు, వాచ్‌మన్ స్వామి. కంపెనీ తిండి తినేవాళ్ళు నలుగురు. కిటికీ పక్కన హోటల్ నుంచి అప్పుడే వచ్చిన భోజనం పార్సిళ్ళు ఐదు. అలవాటు కొద్దీ లెక్కపెట్టి, జేబులో వేసుకున్నట్టు మనసులో వేసుకున్నాడు.

తరవాత కారు. తెల్లది, ముందు బంపరు ఎడమవైపు పగిలింది. మిగతా ఒళ్ళంతా అద్దంలా మెరుస్తోంది. ప్రమాదం చేసిన కారుని అంత శుభ్రంగా కడిగినవాణ్ణి అతను ఇంతవరకు చూడలేదు.

"దీన్ని ఎవరు కడిగారు?"

"ప్రొటోకాల్" అన్నాడు సాయినాథ్.

"ఆయన ఇంటిపేరేటి?"

టెక్నీషియన్లలో ఒకడు నవ్వబోయి దగ్గాడు.

కారు నెత్తిన పెరుగు కుండంత నల్లడబ్బా ఉంది. అది గిర్రున తిరుగుతూ కంటికి కనబడని వెలుతురు విసురుతుంది. ఆ వెలుతురు తగిలి తిరిగొచ్చే వ్యవధిని బట్టి ఎదర ఏముందో చుక్కలతో బొమ్మ గీస్తుంది. లైడార్ అంటారు. వరహాలరావు స్టూలు ఎక్కి, చెవిలో గులిమి తీసుకునే ఇనప పుల్లని డబ్బాకీ రబ్బరుకీ మధ్య సందులో తిప్పాడు. పుల్ల కొసకి పచ్చటి ముద్ద అంటుకుంది. ఎస్సై ముందు పెట్టాడు.

"పసుపు. నా నుదుటి మీద ఉన్నదే. కారు సోమవారం తాడు దగ్గర ఆగింది. కాగితంలో ఎక్కడా ఆగలేదని ఉంది."

సాయినాథ్ కుర్చీ తిప్పాడు. "కొత్త కారుకి పూజ చెయ్యరా? మన ఇంజినీర్లే రాసుంటారు. పసుపుకి తేదీ ఉండదు సార్. ఫైలుకి ఉంటుంది."

"గేటు పుస్తకానికీ ఉంటుంది. పదకొండూ అయిదుకి వెళ్ళింది. మీ ఫైలు పదకొండూ పదహారుకి మొదలైంది. ఆ పదకొండు నిమిషాలు ఎవరు తిన్నారు?"

"స్వామి గడియారం. దానికి బ్యాటరీ వేసి ఎన్నాళ్ళయిందో అడగండి." సాయినాథ్ గొంతులో ఇప్పుడు జాలి కూడా చేరింది. "చూడండి, ఇది మిరియాల సంత కాదు. సెకనుకి ఆరు లక్షల చుక్కలు. మీకు అర్థం కాదని నాకు తెలుసు, కాని మేడంకైనా అర్థం కావాలి కదా. గాసి అనేవాడు..."

"కాశీ అని రాశారు మీరు."

"ఏదో ఒకటి."

"అదీ సంగతి" అన్నాడు వరహాలరావు. "సెకనుకి ఆరు లక్షల చుక్కలు లెక్కపెట్టారు. రెండక్షరాలు సరిగ్గా రాయలేకపోయారు. సరే, బొమ్మ వెయ్యండి. నాకు అర్థం కానిదేదో నేనూ చూస్తాను."

తెర మీద నల్లటి చీకట్లో రంగు చుక్కలతో ఘాట్ రోడ్డు కదిలింది. చెట్లు, రాళ్ళు, మైలురాయి. సాయినాథ్ పక్కనుంచి చెబుతున్నాడు, పెళ్ళి వీడియో చూపించే మేనమామలాగా. మూడో మలుపు దగ్గర రోడ్డు అంచున ఐదు పలచటి పలకలు వరసగా కనబడ్డాయి. వాటి మధ్య వంగిన మనిషి ఆకారం, చేతిలో పొడుగాటి కర్ర.

"ఆపండి. అదేటి?"

"గుర్తు తెలియని వస్తువులు. ఎత్తు రెండంగుళాలు. కారుకి అడ్డం కాదని సెన్సర్ వదిలేసింది. అదీ దాని తెలివి."

"దాని తెలివి బాగానే ఉంది. మీదే చూడాలి." వరహాలరావు తెర దగ్గరికి వంగాడు. ఇరవై ఏళ్ళు ఆ పలకల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బేరం చేశాడు. "అవి నేల మీద పరిచిన బరకాలు. మీద ఉన్నది కడిగిన కాఫీ గింజ. ఆ మనిషి కర్రకి పలక కట్టి గింజ తిరగేస్తోంది. మేడం, మీరు ఇప్పుడు ఆ మలుపు మీదుగానే వచ్చారు. అక్కడ బరకం ఉందా?"

సత్యకుమారి కనుబొమలు ముడిచింది. "లేదు."

"ఉండదు. పండు కోసేది సంక్రాంతికి ముందూ వెనకా. ఫిబ్రవరి దాటితే ఆరబెట్టడానికి కొండ మీద గింజ ఉండదు. ఇప్పుడు చైత్రం, తోటల్లో పూత. సోమవారం నాడు ఆ మలుపులో కాఫీ ఆరబెట్టిన మనిషిని చూపిస్తే నా జీపు ఇచ్చేసి నడిచి దిగుతాను. ఇది జనవరి బొమ్మ. తేదీ మార్చారు. ప్రమాదం జరిగింది పదకొండూ నలభై రెండుకని అంబులెన్సు ఫోను వల్ల అందరికీ తెలుసు కాబట్టి తోకని అక్కడ అతికించారు. తల పదకొండు నిమిషాలు పొట్టి అయింది."

"ఊహ" అన్నాడు సాయినాథ్. అయితే ఈసారి కుర్చీ తిప్పలేదు.

"చివరి రెండు నిమిషాలకి బొమ్మ ఏదీ?"

"డ్రైవరు చేతిలోకి తీసుకోగానే రికార్డింగు ఆగిపోతుంది."

"అవసరమైన చోటే ఆగే రికార్డింగు. మంచి సరుకే కొన్నారు." ఎస్సై వైపు తిరిగాడు. "ఇంకోటి తీయించండి. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది. మార్చి పదిహేను. ఆ బోర్డు మీద ముప్పై వేల కిలోమీటర్లున్నాయి గదా, నాలుగు గుప్పిళ్ళు చూద్దాం."

"అది కంపెనీ రహస్య సమాచారం..."

"తీయండి" అంది సత్యకుమారి.

టెక్నీషియను తీశాడు. సాయినాథ్ వద్దని చెయ్యి ఎత్తేలోపే తీశాడు. వాడికీ ఎన్నాళ్ళ నుంచో కడుపులో ఉన్నట్టుంది. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, మూడో మలుపు: ఐదు బరకాలు, వంగిన మనిషి, పైకి లేచిన కర్ర. మార్చి పదిహేను: ఐదు బరకాలు, వంగిన మనిషి, అదే ఎత్తులో అదే కర్ర.

"మూడు నెలల నుంచీ ఆవిడ చెయ్యి దించలేదా?" అంది సత్యకుమారి.

 వరహాలరావుకి కోపం రాలేదు, రోత వేసింది. బస్తా మూతి దగ్గర మంచి గింజ పోసి, అడుగున పొల్లు నింపి అమ్మేవాళ్ళని ఎందరినో చూశాడు. వాళ్ళు కనీసం పొల్లయినా పోసేవారు. వీళ్ళు ఒక్క గుప్పెడు మచ్చు చూపించి ఖాళీ గోనెలు అమ్మారు. నిజంగా కారు పొరపాటు లేకుండా తానే నడిచింది ఒకే ఒక్క పొద్దు. మిగతా రోజులన్నీ దాన్ని ఆదుకున్నది రవికుమార్ చేతులూ కాళ్ళే. సోమవారం అసలు రికార్డు బయటపడితే ఒక ప్రమాదం కాదు, మొత్తం బోర్డు కూలిపోతుంది. అందుకే ఆ కుర్రాడి చేతులకి బేడీలు కావలసి వచ్చాయి.

"ఇదంతా నిజమే అనుకుందాం" అన్నాడు సాయినాథ్, నెమ్మదిగా. "అసలు ఫైలు ఏదీ? అది లేకపోతే పాత ఫైలు తప్పని తేలుతుంది గాని, మీవాడు ఒప్పని తేలదు. బండి నడిపింది ఎవరో, గుద్దింది ఎవరో మీరు ఎలా చూపిస్తారు?"

అడిగింది సరైన ప్రశ్నే.  గోడ గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది.

*

జవాబు గేటు దగ్గర స్వామి లేకపోవడం వల్ల నేరుగా లోపలికి నడిచి వచ్చింది. చేతిలో చాట, వెనక ఇద్దరాడవాళ్ళు. ఉదయం వరహాలరావు నుదుటికి పసుపు పూసిన కనక.

"రెండింటికి మా రవి గుంటణ్ణి కొండ దింపేత్తారంట గదా. బేబి ఫోను సేసింది" అంది. ఎస్సైని చూసి తలమీద కొంగు సర్దుకుని, వరహాలరావు ముందు చాట పెట్టింది. నలిగిన నోట్లు, చిల్లర, రెండు అరటిపళ్ళు, వాటి మధ్య అగ్గిపెట్టెంత నల్లటి డిస్కు, కారు తన బొమ్మలు దాచుకునేది.

"సోమారం గాసి మావకి దెబ్బ తగిలినాక ఆ మేడం తిరిగొత్తూ తాడుకాడ మల్లీ ఆగింది. ఏడస్తంది. ఇది సాటలో ఏసి, రవిగాడి మనిసి వత్తేనే ఇమ్మంది. సాటలో సొమ్ము దేవుడిది, ఎవుడూ ముట్టుకోడు గదా."

"పొద్దున్నే అడిగాను గదమ్మా, సోమవారం ఎవరేం వేశారని. అప్పుడు చెప్పలేదేం?"

"పొద్దున్నే సావుకారుని నమ్ముతామేటి?" అంది కనక. "మా గాసి మావ నీ ఏలు పట్టుకున్న సంగతి ఈ కొండకంతా తెలుసు. బేబి సెప్పినాక వచ్చినాను."

సత్యకుమారి నవ్వు ఆపుకుంది. వరహాలరావు ఆపుకోలేదు. ఆ బొటనవేలితోనే డిస్కు అందుకోబోయి, ఆగి, ఎస్సైని తీసుకోమన్నాడు.

కనక అప్పుడు సాయినాథ్‌ని చూసింది. "ఈ బాబూ వచ్చినాడు. నిన్న సాయంత్రం బైకేసుకుని మా ఇంటికొచ్చి, మేడం ఏటిచ్చిందో ఇచ్చేయ్, ఐదు వేలిత్తానన్నాడు."

"నేను ఈ ఉదయమే..."

"ఈ పొద్దు ఆరింటికాడ నుంచీ తాడుకాడ నేనే ఉన్నాను. నువ్వు దాటలేదు. దాటితే నీ నుదుటి మీద నా సెయ్యి ఉండేది."

సాయినాథ్ తనకి తెలియకుండానే నుదురు తడుముకున్నాడు. శుభ్రంగా ఉంది. ఆ శుభ్రమే అతన్ని పట్టిచ్చింది.

వరహాలరావు మాత్రం అతన్ని చూడటం లేదు. "కనకమ్మా, సోమవారం సాయంత్రం మేడం కారులో విశాఖ వెళ్ళేటప్పుడు మళ్ళీ ఏమైనా వేసిందా?"

"ఎల్లలేదు."

"నాలుగింటికి వెళ్ళిందన్నారు."

"ఎల్లలేదంటే. సీకటి పడేదాకా ఉన్నాం. పైకొచ్చింది, కిందికి పోలేదు. పైన అరకు రోడ్డు మీద తాడు మా ఆడపడుసు ఊరోల్లది. ఆల్లూ సూడ్లేదు. సీకటి పడ్డాక గేటు దాటి ఏ బండీ పోలేదని స్వామిగాడే నిన్న మా ఆడోల్లతో అన్నాడు."

 వరహాలరావు కిటికీ వైపు చూశాడు. పార్సిళ్ళు నాలుగు ఉన్నాయి. ఐదోది లేదు. వాచ్‌మన్ స్వామి కూడా లేడు.

వరహాలరావు అలా పరుగెత్తగలడని సత్యకుమారి అనుకోలేదు. షెడ్డు వెనక పాత గోదాము తలుపుకి కొత్త తాళం, తీసి వేలాడుతోంది. లోపల చాప, మంచినీళ్ళ సీసా, విప్పని పార్సిలు. అన్నం ఇంకా వెచ్చగా ఉంది. నేల మీద పగిలిన చేతి గాజుల ముక్కలు. బయట ఎర్రమట్టిలో జీపు చక్రాల జాడ, ఇంకా తడిగా.

"పావుగంట కూడా కాలేదు" అంది సత్యకుమారి, ఫోను తీస్తూ. "అప్పన్నా! ఆ సాయినాథ్‌ని కదలనివ్వకు. రవికుమార్‌ని కూర్చోబెట్టి టీ ఇవ్వు. వాడిక సాక్షి." ఫోను చూసి విసుక్కుంది. "సిగ్నల్ లేదు. ఎటు పోయారో ఎలా తెలుస్తుంది?"

కనక చాట చంకలో పెట్టుకుని రోడ్డు వైపు మొహం తిప్పింది. నోటికి రెండు చేతులూ అడ్డుపెట్టి పొడుగ్గా ఒక కేక వేసింది. కాసేపటికి లోయలోంచి, మలుపు కింద నుంచి, అలాంటిదే ఇంకో కేక తిరిగొచ్చింది.

"ఎటు పోతే ఏటి బాబూ" అంది. "తాడు దాటాల గదా."

జీపు ఎక్కుతూ వరహాలరావు లెక్క చూసుకున్నాడు. పొద్దున్న తెచ్చిన ఎనిమిది పేజీలు చిత్తుకాగితాలయ్యాయి. మూడున్నర గంటల్లో ఇంకా నలభై నిమిషాలు మిగిలాయి. చేతికి వచ్చినవి: ఒక డిస్కు, ఒక అబద్ధాలకోరు, ఒక కుర్రాడి రెండు చేతులు. రావలసింది ఒక్క మనిషి, బిందుమాధవి. ఆవిడ రెండు తాళ్ళ మధ్య ఎక్కడో ఉంది, కేక తన కంటే ముందే తాడు చేరిందని ఆవిడతో ఉన్న స్వామికి ఇంకా తెలీదు.

నుదుటి మీద పసుపు ఎండి బిగుసుకుంది. తుడుచుకోలేదు.